బార్సిలోనా ఆడవాళ్ల జట్టు పుట్టింది ఎప్పుడు: 1970లోనా, 1988లోనా, 2002లోనా?

అనంత_నాన్న

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. మా పాపకు పదమూడేళ్లు. ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో ఫుట్‌బాల్ ఆడుతుంది, గోల్‌కీపర్. స్కూల్లో "నాకు నచ్చిన జట్టు" అని నాలుగు పేజీలు రాసుకురమ్మన్నారు. బార్సిలోనా ఆడవాళ్ల జట్టు గురించి రాస్తానని తను ఆ రోజే టీచర్‌కు చెప్పేసి వచ్చింది. అలెక్సియా, ఐతానా పేర్లు మా ఇంట్లో రోజూ వినపడేవే.

మొదటి పేజీలోనే చిక్కొచ్చింది. జట్టు ఎప్పుడు పుట్టిందని రాయాలి? ఒకచోట 1970 అని ఉంది. ఇంకోచోట 1988. మరోచోట 2002. "ఒక్కరికే మూడు పుట్టినరోజులు ఎట్లుంటాయి నాన్నా?" అని అడిగింది. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. ఏం చెప్పాలో తోచలేదు.

మా జిల్లావాళ్లకు బార్సిలోనా పేరు కొత్తది కాదు. ఈ ఆర్డీటీ సంస్థ పెట్టిన ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది ఆ ఊళ్లోనే. 1969లో అనంతపురం వచ్చారు, 2009లో ఇక్కడే కన్నుమూశారు. మా పాప స్నేహితురాలి చదువుకు సాయం చేసే కుటుంబం స్పెయిన్‌లోనే ఉంటుంది, ఆ పిల్లకు వాళ్ల ఉత్తరాలు వస్తుంటాయి. కాబట్టి పాపకు అది ఎక్కడో ఉన్న ఊరు కాదు, తెలిసినవాళ్ల ఊరు. ఒక్క ముక్క కూడా తప్పు రాయకూడదని పట్టుదలగా ఉంది.

గెలిచిన కప్పుల లిస్టు అక్కర్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. అసలు ఎలా మొదలైందో తెలిసినవాళ్లు చెప్పగలరా?

తెనాలి_లక్ష్మి

అన్నా, మూడూ నిజమే. పాపను మూడూ రాయమనండి. 1970లో అమ్మాయిలు ఆడటం మొదలుపెట్టారు, 1988లో వాళ్లకంటూ ఒక జాతీయ లీగ్ వచ్చింది, 2002లో బార్సిలోనా క్లబ్ వాళ్లను తన సొంత జట్టుగా చేర్చుకుంది. ఈ మూడు సంవత్సరాల మధ్య ఏం జరిగిందో చెబితే మీ నాలుగు పేజీలూ నిండిపోతాయి.

మేము 2013 నుంచి బార్సిలోనాలో ఉంటున్నాం. మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఈ జట్టు ఆటలకు చాలాసార్లు వెళ్లాను. చదివినదీ, ఇక్కడివాళ్ల నోట విన్నదీ కలిపి రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

1970 చివర్లో ఇమ్మాకులాడా కబెసెరాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి క్లబ్ అధ్యక్షుడు అగస్తీ మొంతాల్ దగ్గరికి వెళ్లింది. మాకూ ఒక ఆడపిల్లల జట్టు కావాలి అని అడిగింది. ఆ తర్వాత బార్సా (బార్సిలోనా క్లబ్‌ను ముద్దుగా అలా అంటారు) అభిమానులు చదివే పత్రిక ద్వారా, ఫుట్‌బాల్ ఆడాలని ఉన్న 18 నుంచి 25 ఏళ్ల అమ్మాయిలు ఉంటే రండి అని పిలుపు ఇచ్చింది. వచ్చారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, చదువుకునేవాళ్లు. అంతకుముందు వీధిలో అన్నదమ్ములతో ఆడిన ఆటే తప్ప వాళ్లకు నేర్పినవాళ్లు లేరు.

వాళ్లకు కోచ్‌గా వచ్చింది ఎవరో మీ పాపకు తప్పక చెప్పండి: అంతోనీ రమల్లెట్స్. 1950లలో బార్సిలోనా గోల్‌కీపర్. 1950 ప్రపంచ కప్పులో బ్రెజిల్‌లో ఆడిన తీరు చూసి ఆయన్ను "మరకానా పిల్లి" అని పిలిచేవారు. అంటే ఈ జట్టుకు మొదటి గురువు ఒక గోల్‌కీపర్.

1970 డిసెంబర్ 25న, క్రిస్మస్ నాడు, సాక్షాత్తూ క్లబ్ సొంత మైదానం కాంప్ నౌలో మొదటి ఆట. ఒక సేవా కార్యక్రమం కోసం ఏర్పాటు చేశారు. ఎదుటి జట్టు సెంతెల్యెస్ అనే ఊరిది. ఆట 0-0తో ముగిసింది, పెనాల్టీల్లో మనవాళ్లు గెలిచారు. చూడటానికి 60 వేల మంది దాకా వచ్చారని చెబుతారు. కానీ స్కోరుబోర్డు మీద పేరు బార్సిలోనా క్లబ్‌ది కాదు. "బార్సిలోనా నగర జట్టు" అన్న పేరుతో ఆడారు. క్లబ్ చిహ్నం వేసుకునే హక్కు వాళ్లకు లేదు. మైదానం ఇచ్చారు, పేరు ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదు అని పాప అడుగుతుంది. అప్పటి స్పెయిన్ ఎలా ఉండేదో చెప్పాలి. ఫ్రాంకో నియంతృత్వం. పెళ్లయిన ఆడది ఉద్యోగంలో చేరాలన్నా, బ్యాంకు ఖాతా తెరవాలన్నా మొగుడు సంతకం పెట్టాలి. ఆ చట్టం 1975 దాకా ఉంది. ఆడవాళ్ల ఫుట్‌బాల్‌ను స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తించలేదు. దాని అధ్యక్షుడు పెరెజ్ పాయా 1971లో ఒక పత్రికతో మాట్లాడుతూ, ఆడవాళ్ల ఒంటికి చొక్కా, నిక్కరు నప్పవనీ, తమ ప్రాంతపు సంప్రదాయ దుస్తులు వేసుకుంటే బాగుంటారనీ అర్థం వచ్చేలా చెప్పాడు. సమాఖ్య దృష్టిలో ఈ ఆటే లేనప్పుడు వీళ్లకు రిఫరీలు లేరు, లీగ్ లేదు, ఆటగాళ్ల గుర్తింపు కార్డు లేదు. అయినా ఆపలేదు. బార్సిలోనా అభిమానుల సంఘం ఒకటి అన్నట్టుగా పేరు పెట్టుకుని, దొరికిన చోటల్లా స్నేహపూర్వక ఆటలు ఆడారు. సమాఖ్య వాళ్లను గుర్తించింది 1980లో.

ఇక్కడ మా ఎదురు ఫ్లాట్ పెద్దావిడ గురించి చెప్పాలి. మేము వచ్చిన కొత్తలో నాకు భాష రాదు. మెట్లమీద కనపడితే ఆవిడే నా చేయి పట్టుకుని ఒక్కో మాటా నేర్పింది. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడుతోంది. ఒకరోజు మా అమ్మాయి ఫుట్‌బాల్ బ్యాగు చూసి ఈ క్రిస్మస్ ఆట సంగతి ఆవిడే మొదట చెప్పింది. ఆ రోజు ఆవిడ తమ్ముడు కాంప్ నౌకు వెళ్లాడు. ఆవిడకు వెళ్లాలని ఉంది. కానీ క్రిస్మస్ నాడు ఇక్కడ ప్రతి ఇంట్లో ఎస్కుదెల్యా వండుతారు. మాంసం, శనగలు, కూరగాయలు పెద్ద గిన్నెలో గంటలకొద్దీ ఉడికించే పులుసు అది. గిన్నె దగ్గర ఆడపిల్ల ఉండాలి కదా. ఉండిపోయింది. తమ్ముడు ఇంటికొచ్చి చెబుతుంటే వింది. "వాళ్లు బాగా ఆడారా అని అడిగితే, పరిగెత్తారు అన్నాడు. అంతే చెప్పాడు" అని ఆవిడ నాతో అంటుంటే నా మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ జవాబు ఆవిడకు గుర్తుంది.

ఇక 1988. ఆ సంవత్సరం ఆడవాళ్ల జాతీయ లీగ్ మొదలైంది. మన జట్టు అప్పటికి క్లబ్ ఫెమెనీ బార్సిలోనా అన్న పేరుతో ఉంది, మొదటి సీజన్ నుంచే అందులో ఆడింది. కొన్నిచోట్ల 1988 అని రాసేది అందుకే. ఒక్క జాగ్రత్త: ఆ మొదటి లీగ్ గెలిచిన జట్టు పేరు పెన్యా బార్సిలోనా. పలకడానికి ఒకేలా ఉంటుంది గానీ అది వేరే జట్టు. పాప పొరపాటున ఆ కప్పు ఈ జట్టు ఖాతాలో వేయకుండా చూడండి. మనవాళ్ల మొదటి పెద్ద కప్పు 1994లో వచ్చిన రాణి కప్పు.

అప్పుడు కూడా క్లబ్‌తో వాళ్ల బంధం దూరపు చుట్టరికం లాంటిదే. రంగులు అవే, కొంత సాయం ఉంది, కానీ క్లబ్ సొంత విభాగం కాదు. 2002లోగానీ పూర్తిగా కలుపుకోలేదు. ఇమ్మాకులాడా వెళ్లి అడిగినప్పటి నుంచి లెక్కేస్తే 32 ఏళ్లు. నేను దీన్ని ఆలస్యం అని ఊరుకోలేను, అన్యాయం అనే అంటాను. ఈ రోజు క్లబ్ తన గోడల మీద ఆ మొదటి అమ్మాయిల ఫొటోలు పెట్టుకుని గర్వపడుతోంది. గర్వపడాల్సిందే. కానీ ఆ అమ్మాయిలు ఆ చిహ్నం లేకుండా ఆడి ఆడి మానేసి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచి, జుట్టు నెరిశాక వచ్చిన గౌరవం అది.

మిగతాది తర్వాత రాస్తాను, డ్యూటీకి టైమైంది.

హైదరాబాద్_ఫుల్‌బ్యాక్

లక్ష్మి గారు చాలా బాగా రాశారు. నేను 2002 తర్వాతి సంగతులు కొంచెం చెబుతాను, ఎందుకంటే కలుపుకోగానే కప్పులు వచ్చిపడ్డాయని చాలామంది అనుకుంటారు.

అలా జరగలేదు. 2002లో క్లబ్‌లో చేరేటప్పటికి జట్టు పై డివిజన్‌లోనే లేదు. 2004లో పైకి వచ్చింది. 2007లో మళ్లీ కింది డివిజన్‌కు పడిపోయింది. బార్సిలోనా అన్న పేరు పెట్టుకుని రెలిగేట్ అవ్వడం ఎంత కష్టమైన విషయమో ఆలోచించండి. కోచ్ జావి లోరెన్స్‌ను మార్చలేదు. మరుసటి ఏడాదే తిరిగి పైకొచ్చారు. ఆయన 2017 దాకా ఉన్నాడు. నా దృష్టిలో ఈ జట్టు కథలో ఎక్కువమంది మర్చిపోయే మనిషి ఆయనే.

ఆ రోజుల్లో స్పెయిన్ ఆడవాళ్ల ఫుట్‌బాల్ అంటే బార్సిలోనా పేరు ఎవరూ చెప్పేవాళ్లు కాదు. బిల్బావో జట్టు అత్లెతిక్ 2003, 2004, 2005లో వరసగా గెలిచింది. మాడ్రిడ్‌లో కార్మికులు ఉండే పేట జట్టు రాయో వయెకానో 2009, 2010, 2011లో వరసగా గెలిచింది. బార్సిలోనా ఊళ్లోనే ఉన్న ఎస్పాన్యోల్ కూడా 2006లో లీగ్ గెలిచింది. అలెక్సియా చిన్నప్పుడు బార్సా అకాడమీలో ఒక్క ఏడాది ఉండి, జట్ల సర్దుబాటులో చోటు పోయి వెళ్లింది ఆ ఎస్పాన్యోల్‌కే. అక్కడ పెరిగి, ఒక ఏడాది లెవాంతేలో ఆడి, 2012లో తిరిగి వచ్చింది. పాప వ్యాసంలో ఈ జట్ల పేర్లు కూడా ఒక్క వాక్యంలో రాస్తే న్యాయంగా ఉంటుంది. బార్సా నిద్రపోతున్నప్పుడు ఈ ఆటను నిలబెట్టింది వాళ్లే.

బార్సిలోనా మొదటి లీగ్ 2012లో గెలిచింది. ఆ తర్వాత 2015 దాకా వరసగా నాలుగు. కానీ యూరప్‌లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు, 2012లో, అర్సెనల్ చేతిలో రెండు ఆటలు కలిపి 0-7తో ఓడారు. అప్పటికి వాళ్లు పూర్తికాలపు ఆటగాళ్లు కారు. పగలంతా చదువో ఉద్యోగమో, సాయంత్రం ప్రాక్టీసు. 2015లో క్లబ్ వాళ్లను ప్రొఫెషనల్స్‌ను చేసింది. ప్రాక్టీసు పొద్దుటికి మారింది. నిద్ర, తిండి, ఫిజియో అన్నీ ఒక పద్ధతిలోకి వచ్చాయి.

అది కూడా వెంటనే ఫలించలేదు. 2016లో లీగ్ అత్లెతిక్‌కు పోయింది, ఆ తర్వాత మూడేళ్లు అత్లెతికో మాడ్రిడ్‌కు పోయింది. 2019లో బుడాపెస్ట్‌లో మొదటిసారి యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడారు. ఫ్రాన్స్ జట్టు లియోన్ మీద. నేను ఆ ఆట హాస్టల్ గదిలో ఫోన్‌లో చూశాను. అరగంటకల్లా 4-0. అడా హెగెర్‌బెర్గ్ ఒక్కతే మూడు గోల్స్ కొట్టింది. చివర్లో నైజీరియా అమ్మాయి అసిసాత్ ఒషోఆలా ఒకటి కొట్టి 4-1 చేసింది. ఆటలో తెలివి ఉంది గానీ ఒంట్లో లియోన్ వాళ్లకున్న బలం, వేగం లేవని అందరికీ తెలిసిపోయింది. అక్కడినుంచి వాళ్ల ట్రైనింగ్ మారింది. సరిగ్గా రెండేళ్లకు, 2021 మే 16న గోథెన్‌బర్గ్‌లో చెల్సీని 4-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ ఎత్తారు. నాలుగు గోల్సూ మొదటి 36 నిమిషాల్లోనే. బుడాపెస్ట్‌లో తమకు జరిగింది ఇక్కడ వాళ్లు ఇంకొకరికి చేసి చూపించారు. మగవాళ్లదీ ఆడవాళ్లదీ ఛాంపియన్స్ లీగ్ రెండూ గెలిచిన మొదటి క్లబ్ బార్సిలోనాయే.

జీతాల సంగతి కూడా ఒక్క మాట. 2019 నవంబర్‌లో స్పెయిన్ లీగ్‌లో ఆడే అమ్మాయిలందరూ సమ్మె చేశారు. ఒక వారాంతం ఒక్క ఆటా జరగలేదు. 2020 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది: ఏడాదికి కనీసం 16,000 యూరోలు, గర్భం వస్తే, గాయమైతే రక్షణ. బార్సా స్టార్లకు ఆ కనీస జీతం అవసరం లేదు. కింది జట్ల అమ్మాయిల కోసం వాళ్లూ ఆగారు. నాకు ఈ జట్టు మీద గౌరవం ఆ వారాంతం పెరిగింది.

పద్మ_పీఈటీ

నేను గుంటూరు దగ్గర ఒక బడిలో పీఈటీని. ఈ చర్చ నా కోసమే వచ్చినట్టుంది. మా బడిలో పన్నెండేళ్లు దాటగానే ఆడపిల్లలు గ్రౌండ్‌కి రావడం తగ్గిపోతుంది. నిక్కరు వేసుకోనివ్వరు, ఎండకి నల్లబడతావంటారు. 1971లో ఆ సమాఖ్య అధ్యక్షుడు అన్నాడన్న మాట చదివి నాకు మా ఊరి పెద్దల మాటే వినపడింది.

లక్ష్మి అక్కా, ఇక్కడ పిల్లలకు ఐతానా అంటే ప్రాణం. ఆ అమ్మాయి చిన్నప్పటి సంగతులు ఏమైనా తెలిస్తే చెప్పండి. అలాగే 91 వేల మంది చూశారన్న ఆటకు మీరు వెళ్లారా?

తెనాలి_లక్ష్మి

వెళ్లాను పద్మా. రెండు ఆటల్లో మొదటిదానికి.

ముందు ఐతానా సంగతి. బార్సిలోనాకు దక్షిణంగా సంత్ పెరె దె రీబెస్ అనే ఊరు వాళ్లది. 1998లో పుట్టింది. అక్కడి జట్లలో మగపిల్లలతోనే ఆడింది. తర్వాత బార్సా అకాడమీలో చేరింది. నాన్న వెంట బస్సులూ రైళ్లూ మారుతూ ప్రాక్టీసుకు వచ్చేది. అమ్మానాన్నలిద్దరూ సాహిత్యం చెప్పే టీచర్లు.

మన తెలుగువాళ్లకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది, ఇంటిపేరు. స్పెయిన్‌లో ప్రతివాళ్లకూ రెండు ఇంటిపేర్లు ఉంటాయి, తండ్రిదీ తల్లిదీ. తండ్రిది ముందు రావాలని అప్పట్లో చట్టం. ఐతానా తల్లి ఇంటిపేరు బొన్మాతీ, తండ్రి ఇంటిపేరు కోంకా. తల్లి పేరు ముందు పెట్టాలని ఆ దంపతులు పట్టుబట్టారు. 1999లో చట్టం మారింది. అందుకే ఆ అమ్మాయి ఐతానా బొన్మాతీ కోంకా అయింది. 2023, 2024, 2025లో వరసగా మూడుసార్లు బాలన్ దోర్ వేదిక మీద వినపడింది తల్లి ఇంటిపేరు. అంతకుముందు రెండు, 2021, 2022లో, అలెక్సియావి. అంటే వరసగా ఐదేళ్లు ప్రపంచంలోకెల్లా మేటి ఆటగత్తె ఈ ఒక్క జట్టు నుంచే, ఇద్దరూ ఈ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే.

ఇక ఆ ఆట. 2022 మార్చి 30, బుధవారం రాత్రి. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ రెండో ఆట, రియల్ మాడ్రిడ్ మీద. మామూలుగా ఈ జట్టు ఆడేది యోహాన్ క్రైఫ్ స్టేడియంలో, ఊరి బయట సంత్ జువాన్ దెస్పీలో, 6,000 మంది పట్టే మైదానం. మేము ట్రామ్ ఎక్కి వెళ్తాం, ముందు వరసలో కూర్చుంటే ఆటగాళ్ల అరుపులు కూడా వినపడతాయి. ఆ రోజు మాత్రం కాంప్ నౌ. అసలు ఆడవాళ్ల జట్టు కాంప్ నౌలో మొదటి అధికారిక మ్యాచ్ ఆడిందే 2021 జనవరి 6న, ఎస్పాన్యోల్ మీద. కోవిడ్ వల్ల ఆ రోజు ఒక్క ప్రేక్షకుడూ లేడు. ఖాళీ కుర్చీల మధ్య మొదటి గోల్ అలెక్సియా కొట్టింది. కాబట్టి జనంతో నిండిన కాంప్ నౌ వాళ్లకు ఈ మాడ్రిడ్ ఆటతోనే దక్కింది.

నేను నాలుగు టికెట్లు తీసుకున్నాను. మాకు మూడు, నాలుగోది ఎదురు ఫ్లాట్ పెద్దావిడకు. మోకాళ్లు నొప్పి, మెట్లు ఎక్కలేను అంది. మా ఆయన వెనకాల, నేను పక్కన, నెమ్మదిగా ఎక్కించాం. మెట్రో నుంచి గేటు దాకా ఎటుచూసినా చిన్నపిల్లలు, వాళ్ల అమ్మమ్మలు. మగవాళ్ల ఆటకు అలాంటి గుంపు నేను చూడలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని కోటు గుండీలు విప్పకుండా చాలాసేపు మైదానం వైపే చూసింది. మాట్లాడలేదు.

మొదటి ఆటలో మనవాళ్లు 3-1తో గెలిచి ఉన్నారు. ఈ రోజు 8వ నిమిషంలో మాపీ లియోన్ కొట్టింది. తర్వాత మాడ్రిడ్ పెనాల్టీతో సమం చేసింది. 48వ నిమిషంలో క్లౌదియా సొర్నోసా అల్లంత దూరం నుంచి గోల్‌కీపర్ తల మీదుగా బంతిని లేపి వేసింది. 1-2. మైదానం అంతా గమ్మున అయిపోయింది. టెన్షన్‌తో మా అమ్మాయి నా చేయి గిచ్చేసింది. ఆ తర్వాత జరిగింది నేను మర్చిపోలేను: 52లో ఐతానా, 55లో క్లౌదియా పీనా, 62లో అలెక్సియా, 70లో కరోలిన్ గ్రాహమ్ హాన్సెన్. పద్దెనిమిది నిమిషాల్లో నాలుగు గోల్స్. 5-2.

బోర్డు మీద 91,553 అని పడింది. అప్పటికి ఆడవాళ్ల క్లబ్ ఫుట్‌బాల్‌లో అంత జనం ఎప్పుడూ రాలేదు. మూడు వారాలకు, ఏప్రిల్ 22న, వోల్ఫ్స్‌బర్గ్ మీద 91,648 మంది వచ్చి ఆ రికార్డును కూడా దాటేశారు. దానికి మాకు టికెట్లు దొరకలేదు, ఇంట్లో టీవీలో చూశాం.

మేము దిగుతుంటే పెద్దావిడ మెట్ల మీద ఆగింది. తమ్ముడు పోయి నాలుగేళ్లయింది. "వాడికి చెప్పాలి, ఊరికే పరిగెత్తలేదు, ఆడారు అని" అంది. అక్కడే గోడకు ఆనుకుని ఇద్దరం కాసేపు నిలబడిపోయాం.

అన్నట్టు, ఆ ఏడాది లీగ్‌లో మొత్తం 30 ఆటలూ గెలిచారు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మాత్రం తురిన్‌లో లియోన్ చేతిలో 1-3తో పోయింది. మరుసటి ఏడాది ఐంధోవెన్‌లో వోల్ఫ్స్‌బర్గ్ మీద 0-2తో వెనకబడి 3-2తో గెలిచారు. 2024లో బిల్బావోలో లియోన్‌నే 2-0తో ఓడించారు. ఆ గెలుపే నాకు అన్నిటికంటే ఇష్టం, ఎందుకంటే ఆ రోజుదాకా లియోన్ మీద ఎప్పుడూ గెలవలేదు. 2025లో లిస్బన్‌లో అర్సెనల్ 1-0తో ఓడించింది. 2012లో 0-7తో పంపించిన ఆ అర్సెనలే. మా అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

హైదరాబాద్_ఫుల్‌బ్యాక్

గోల్‌కీపర్ పాప కోసం ఒకటి చేర్చాలి. బార్సా గోల్‌కీపర్ కాతా కోల్ పేరు తనకు తెలిసే ఉంటుంది. 2023 ప్రపంచ కప్పులో స్పెయిన్ జపాన్ చేతిలో 0-4తో ఓడాక కోచ్ గోల్‌కీపర్‌ను మార్చాడు. కాతా అంతకుముందు సీనియర్ జట్టుకు ఒక్క ఆటా ఆడలేదు. నేరుగా ప్రపంచ కప్పు నాకౌట్‌లో, స్విట్జర్లాండ్ మీద దింపారు. ఫైనల్ దాకా తనే ఉంది. సిడ్నీలో ఇంగ్లండ్ మీద 1-0తో గెలిచిన రోజు గోల్‌లో ఉన్నది ఆ అమ్మాయే.

ఇంకొకటి. అదే 2023 జనవరిలో మెరీదాలో స్పెయిన్ సూపర్ కప్పు ఫైనల్. బార్సా గెలిచింది. పతకాలు మెడలో వేయడానికి సమాఖ్య నుంచి ఎవరూ రాలేదు. బల్ల మీద పెట్టి వదిలేశారు. ప్రపంచంలోకెల్లా మేటి ఆటగాళ్లు వరసలో వెళ్లి తమ పతకాలు తామే తీసుకుని వేసుకున్నారు. ఆ వీడియో చూసినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. 1970 గురించి చదివాక ఆ కోపం ఇంకా ఎక్కువైంది.

అనంత_నాన్న

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ముఖ్యంగా లక్ష్మి అక్కకి. నిన్న రాత్రి అన్నం తిన్నాక పాపకు మొత్తం చదివి వినిపించాను. రమల్లెట్స్ గోల్‌కీపర్ అని తెలిసినప్పుడు లేచి కూర్చుంది. ఎస్కుదెల్యా దగ్గర మాత్రం మా ఆవిడ చేస్తున్న పని ఆపి వచ్చి మళ్లీ చదవమంది. చదివాను. ఆమె ఏమీ అనలేదు గానీ, ఈ రోజు పొద్దున పాపను ప్రాక్టీసుకు నేనే దింపి వస్తానని తనే బండి తీసింది. ఇన్నాళ్లూ గ్రౌండ్ దాకా వచ్చింది లేదు.

వ్యాసం మొదటి వాక్యం పాప ఇలా రాసింది: "నాకు నచ్చిన జట్టు పేరు లేకుండా పుట్టింది." మూడు సంవత్సరాలూ మూడు పేజీలకు పెట్టింది. నాలుగో పేజీ సూపర్ కప్పు పతకాల గురించి రాస్తానంటోంది. రాయనీ అనే అనిపించింది.

ఒక్క చిన్న సందేహం మిగిలింది అక్కా. ఆదివారం వీళ్లకు మ్యాచ్ ఉంది. గోల్ దగ్గర నిలబడి ముందున్న డిఫెండర్లను ఉత్సాహపెట్టడానికి బార్సిలోనావాళ్లు అరిచే మాట ఏదైనా కావాలంట.

తెనాలి_లక్ష్మి

"సోమ్ ఈ!" అనమనండి అన్నా. కాటలాన్ మాట. పదండి, మొదలుపెడదాం అని అర్థం. "సోమ్" దగ్గర ఆగకుండా రెండూ కలిపి ఒక్క ఊపులో అరవాలి, "ఈ" దగ్గర గొంతు పైకి పోవాలి. మా పెద్దావిడకు మీ పాప సంగతి చెప్పాను. ఆదివారం స్కోరు ఎంతో తెలియజేయమంది.